క్రీడారథాలలో కూటసాక్ష్యం

ధర్మవిచారణ మహత్తర విషయాలకే పరిమితమని, స్వల్ప విషయాలలో చూసీ చూడనట్లు పోవడమే లౌకిక వివేకమని మనలో అనేకుల అభిప్రాయం. రాజ్యం, ధనం, ప్రాణం వీటి ప్రసక్తి ఉన్నప్పుడే అసత్యం దోషమట; వినోదంలో అది చమత్కారమట! ఈ అభిప్రాయం ఎంత నిస్సారమో నిరూపించడానికి అత్యంత స్వల్పంగా కనిపించే ఒక విషయాన్నే స్వీకరిస్తున్నాను. అది రేడియో తరంగాలతో నడిపే చిన్న కార్ల పందెం.

ఈ క్రీడను ఎరుగని పాఠకుల కోసం సంగ్రహంగా దాని స్వరూపం చెబుతాను. నిజమైన కారులో పదో వంతో, ఎనిమిదో వంతో పరిమాణం గల వాహనం ట్రాక్‌పై పరుగెడుతుంది. నడిపేవారు పక్కనే ఎత్తైన వేదికపై వరుసగా నిలిచి, చేతిలోని ట్రాన్స్‌మిటర్‌తో దాని దిశను, వేగాన్ని శాసిస్తారు. విద్యుత్తుతో నడిచే కార్లకు ఒక్కొక్క పందెం సాధారణంగా ఐదు నిమిషాలు. అమెరికాలో రోర్ అనే సంస్థ 1967 నుండి ఈ క్రీడకు నియమాలు నిర్ణయిస్తున్నది. బ్రిటన్‌లో బీఆర్‌సీఏ, ఐరోపాలో ఎఫ్రా, ప్రపంచ స్థాయిలో ఇఫ్మార్ అదే కార్యాన్ని నిర్వహిస్తున్నాయి. వారాంతపు క్లబ్బు పందెంలో విజేతకు లభించేది మహా అయితే ఒక చిన్న జ్ఞాపిక, ఫలితాల పట్టికలో మొదటి వరుసలో పేరు. అంతకు మించి ఏమీ లేదు.

అటువంటి పందెంలోనూ వంచన ఉంది. అమెరికాలో స్థిరపడిన ఒక గృహస్థు స్వదేశానికి వచ్చి దైవదర్శనం చేసుకున్న సందర్భంలో, తన కుమారుడు పాల్గొనే ఈ పందేల ప్రస్తావన తెచ్చి, "పంతులుగారూ, అక్కడ అందరూ ఎంతో కొంత చేసేదే. బొమ్మ కారులో ధర్మమేమిటి, అధర్మమేమిటి?" అని నవ్వారు. సమస్య అంతా ఆ నవ్వులోనే ఉంది. ఆ నవ్వును సమర్థించే వాదాలు నాలుగు. వాటిని పూర్వపక్షాలుగా నిలిపి, ఒక్కొక్కదానికి సమాధానం చెప్పడమే ఈ వ్యాసానికి ప్రయోజనం.

ప్రథమ పూర్వపక్షం: ఇది ఆట మాత్రమే

"పోయేదేమీ లేదు, వచ్చేదేమీ లేదు. ఇందులో పాపమేమిటి?" అని మొదటి వాదం. వాది తన పక్షానికి బలమనుకొని చెప్పిన ఈ హేతువే అతని పక్షాన్ని భంగపరుస్తున్నది. శాస్త్రం ఆపద్ధర్మమనే మినహాయింపును అంగీకరించింది. ఘోర క్షామంలో ఆకలికి తాళలేక విశ్వామిత్ర మహర్షి అభోజ్యమైన మాంసాన్ని దొంగిలించిన కథ శాంతిపర్వంలో ఉంది. అక్కడ మహర్షి ప్రాణం పోతున్నది; అందుకే ఆ కథ చర్చకు తగినది. కార్ల పందెంలో ఏ ఆకలి ఉంది? ఏ ప్రాణం పోతున్నది? అవసరమున్నచోట చేసిన దోషానికి సమాధానం వెదకవచ్చు. ఏ అవసరమూ లేనిచోట చేసిన దోషానికి మూలం స్వభావంలోనే వెదకాలి. కావున "పోయేదేమీ లేదు" అన్న మాట దోషాన్ని తగ్గించదు. దానికి ఉండదగిన ఏకైక క్షమాకారణాన్ని కూడా తొలగిస్తుంది.

మరొక సంగతి. ధనం లేని పందెంలో ఫలమేమిటి? "నా హస్తలాఘవం ఇంత, నా దృష్టి ఇంత, నా ఓర్పు ఇంత" అన్న జ్ఞానమే ఫలం. తోటివారిని కొలమానంగా చేసుకొని తనను తాను కొలుచుకోవడమే ఆ ఐదు నిమిషాల పరమార్థం. వంచకుడు ఆ కొలమానాన్నే చెరుపుతున్నాడు. దొంగ తూకంతో ఇతరులకు సరుకు అమ్మే వర్తకునికి కనీసం లాభమైనా మిగులుతుంది. దొంగ తూకంతో తన బరువు తానే చూసుకొని సంతోషించేవానికి మిగిలేదేమిటి?

ద్వితీయ పూర్వపక్షం: నిషేధించనిదంతా అనుమతమే

ఇది బుద్ధిమంతులమని చెప్పుకునేవారి వాదం. వీరు తమను వంచకులుగా అంగీకరించరు. నియమాలను "సూక్ష్మంగా చదివినవారిమి" అంటారు. ఈ సూక్ష్మత్వం ఎటువంటిదో ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

ఎనిమిదో వంతు పరిమాణం గల ఇంధన కార్లలో ఇంజిను 3.5 ఘనసెంటీమీటర్లకు, ఇంధనపు ట్యాంకు 125 ఘనసెంటీమీటర్లకు మించరాదని నియమం. ప్రపంచ పోటీలలో బగ్గీ కార్ల తుది పందెం 60 నిమిషాలు సాగుతుంది గనుక మధ్యలో అనేక పర్యాయాలు ఆగి ఇంధనం నింపుకోవాలి. ఆగిన ప్రతిసారీ కాలం వ్యయమవుతుంది. ట్యాంకులో కొద్దిపాటి ఇంధనం అదనంగా పడితే అంత ఆలస్యంగా ఆగవచ్చు; ఒక గంటలో ఒకసారి ఆగడమే తప్పిపోవచ్చు. ఇక సూక్ష్మబుద్ధి ఆరంభమవుతుంది. ట్యాంకును వేడిచేసి సాగదీయవచ్చు కదా! ట్యాంకు నుండి ఇంజినుకు వెళ్ళే గొట్టాన్ని పొడిగించి, అందులోనూ ఇంధనాన్ని నిలపవచ్చు కదా! నియమం ట్యాంకును గురించి చెప్పింది గాని గొట్టాన్ని గురించి చెప్పలేదు కదా! ఇటువంటి వాదాలకు అవకాశం లేకుండా చేయడానికే గొట్టాలను, వడపోతను కూడా కలిపి కొలిచే పద్ధతి అవసరమయింది. ఇంధనంలో నైట్రోమీథేన్ పాలు పరిమితిని దాటకూడదన్నచోట దాని సాంద్రతను కొలిచే పరికరం అవసరమయింది.

మీమాంసాశాస్త్రంతో పరిచయమున్నవారికి ఈ వాదంలోని దోషం వెంటనే స్ఫురిస్తుంది. వాక్యార్థం అక్షరాల కూడికతో తేలదు, తాత్పర్యంతో తేలుతుంది. తాత్పర్యనిర్ణయానికి పెద్దలు ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి అని ఆరు లింగాలు చెప్పారు. వీటిలో ఫలం ఒక్కటి తీసుకున్నా చాలు. 125 ఘనసెంటీమీటర్ల నియమానికి ఫలమేమిటి? అందరూ సమానమైన ఇంధనంతో బయలుదేరడం. ఆ ఫలాన్ని ధ్వంసం చేసే వ్యాఖ్యానం ఎంత చతురమైనదైనా ఆ వాక్యానికి వ్యాఖ్యానం కాజాలదు. దానికి విరోధమే అవుతుంది. నియమాన్ని అక్షరాలా పాటించి, తాత్పర్యంలో చంపినవాడు నియమపాలకుడని ఏ శాస్త్రమూ అంగీకరించదు.

ద్రోణవధ ఘట్టంలో ధర్మరాజు పలికిన మాట అక్షరశః అసత్యం కాదు. ఏనుగు నిజంగానే మరణించింది. అయినా వినేవాని హృదయంలో అసత్యాన్ని నాటడానికే ఆ మాట పుట్టింది. అంతవరకు నేలకు నాలుగంగుళాల ఎత్తున సాగిన ఆయన రథం ఆనాడు నేలను తాకిందని మహాభారతం చెబుతున్నది. అక్కడ మహాసంగ్రామమనే ఆపద ఉంది, పక్కనే సాక్షాత్తు వాసుదేవుని ప్రేరణ ఉంది. అయినప్పటికీ రథం దిగింది. బొమ్మరథాన్ని నడిపేవానికి ఈ రెంటిలో ఏది ఆలంబనం?

ఇక్కడ న్యాయంగా ఒక విషయం చెప్పాలి. నియమంలో లేని ప్రతి నూతన ప్రయత్నమూ వంచన కాదు. చక్రాల వాలును, స్ప్రింగుల బిగువును, డ్యాంపర్లలో నూనె చిక్కదనాన్ని, కారు నేలకు ఎంత ఎత్తున ఉండాలన్నదానిని గంటల తరబడి పరీక్షించి నిర్ణయించుకోవడం కౌశలం. తన నిర్ణయాన్ని ప్రత్యర్థికి చెప్పకుండా దాచుకోవడమూ దోషం కాదు. ఏ విద్యలోనైనా గోప్యమున్నది. మరి గోప్యానికి, వంచనకు భేదమెలా తెలుస్తుంది? తోటి క్రీడాకారుడు అడిగినప్పుడు నవ్వి ఊరుకోవడం గోప్యం. పరీక్షకుడు అడిగినప్పుడు మాట తడబడితే అది వంచన. నియమాన్ని కాపాడే అధికారి ఎదుట సంపూర్ణంగా చెప్పగలిగిన దానిని నిశ్చింతగా చేయవచ్చు. చెప్పలేనిదానిని చేయరాదు. ఈ ఒక్క పరీక్ష పెట్టుకుంటే నూరు పుటల నియమావళి అక్కరలేదు.

తృతీయ పూర్వపక్షం: అందరూ చేసేదే

"నేను అన్యాయంగా ముందుకు పోవడం లేదు, ఇతరులతో సమానమవుతున్నాను, అంతే" అని మూడవ వాదం. ముందుగా అడగవలసిన ప్రశ్న: అందరూ చేస్తున్నారని ఎవరు చూశారు? ఓడినవాడు గెలిచినవానిని అనుమానిస్తాడు. అనుమానాన్ని నిశ్చయంగా మార్చుకుంటాడు. ఆ నిశ్చయాన్ని తన దోషానికి ప్రమాణంగా చూపుతాడు. అనుమానం ప్రమాణాలలో చేరదు. వంచన వల్ల కలిగే ప్రథమ హాని కూడా ఇదే. ఒక్కడు మోసగిస్తే, నిజంగా నేర్పుతో గెలిచిన పదిమంది కూడా అనుమానితులవుతారు.

ఈ అనుమానం ఎంత వ్యయాన్ని తెచ్చిపెట్టిందో మోటార్ల చరిత్ర చెబుతుంది. సామాన్యులు తక్కువ ఖర్చుతో సమానంగా పోటీ పడాలన్న సదుద్దేశంతో స్టాక్ అనే తరగతి ఏర్పడింది. పూర్వపు బ్రష్ మోటార్లలో రాగితీగ 27 చుట్లు ఉండాలని, టైమింగు 24 డిగ్రీల వద్ద స్థిరంగా ఉండాలని నిర్ణయించారు. చుట్లు తగ్గితే వేగం పెరుగుతుంది. అందుచేత మోటారును విప్పి తీగను మార్చాలన్న ప్రలోభం పుట్టింది. విప్పరానివిధంగా మూసిన మోటార్లు ఆ ప్రలోభానికి అడ్డుకట్ట అయినాయి. తరువాత బ్రష్‌లు లేని మోటార్లు వచ్చాయి. వాటిలో స్టాక్ తరగతికి 17.5 చుట్లు సామాన్య ప్రమాణమయింది. వెంటనే తీగ మందం, రోటరు వ్యాసం, స్టేటరు కొలతలు అన్నీ నియమావళిలోకి ఎక్కవలసివచ్చింది. కొన్ని పోటీలలో నిర్వాహకులే అందరికీ మోటార్లను పంచి, పందెం ముగిశాక తిరిగి తీసుకుంటారు.

నియమావళిలో ఇటువంటి ప్రతి వాక్యం వెనుక ఒక మోసమో, మోసపు భయమో ఉంది. ఆ భారాన్ని మోసేది ఎవరు? మోసగించినవాడు కాదు, వాడు మరొక సందు వెదుక్కుంటాడు. మొదటిసారి ఒక్క కారు, ఒక్క మోటారు కొనుక్కొని ఉత్సాహంతో వచ్చిన బాలుడు మోస్తాడు. అర్థం కాని నియమాల దొంతరను చూసి, ప్రక్కవాడు తనకంటే రెండింతలు వేగంగా పోవడం చూసి, కొద్దికాలానికి వాడు రావడం మానేస్తాడు. స్వచ్ఛందంగా వచ్చేవారి మీదనే బ్రతికే క్లబ్బుకు అంతకు మించిన నష్టం లేదు. "నేను సమానమవుతున్నాను" అన్నవాడు నిజానికి ఆ బాలుడితో సమానం కావడం లేదు. మరొక వంచకునితో సమానమవుతున్నాడు. ఆ సమానత్వాన్ని కోరుకున్నవానికి నమస్కారం.

డజన్ల కొద్దీ మోటార్లు కొని, యంత్రంపై పరీక్షించి, అన్నిటిలో వేగవంతమైన ఒక్కదానిని ఏరుకునే ధనవంతుడు కూడా ఇక్కడ నిర్దోషి కాడు. అతడు ఏ వాక్యాన్నీ ఉల్లంఘించలేదు. అయితే తక్కువ ఖర్చులో సమానత్వమన్న ఫలం అతని చేతిలో నశించింది. అలాగే నిపుణుడై ఉండి ప్రారంభకుల తరగతిలో పేరు నమోదు చేయించుకునేవాడు. అతని కారులో లోపమేమీ ఉండదు. తాను ఎవరో చెప్పడంలోనే అసత్యముంది.

చతుర్థ పూర్వపక్షం: పరీక్షలో నెగ్గాను కదా

పందెం ముందో తరువాతో కార్లను తూచి, కొలిచి, పరీక్షిస్తారు. "పరీక్ష దాటిన తరువాత నన్ను అనడానికి మీరెవరు?" అని నాల్గవ వాదం. పరీక్షకుడెవరు? తరచుగా అతడు కూడా ఒక క్రీడాకారుడే. తన కారు సంగతి ప్రక్కన పెట్టి, ఉచితంగా, అందరికోసం త్రాసు ముందు కూర్చున్నవాడు. అతని కళ్ళు గప్పడం ప్రతిభ అయితే, అన్నం వడ్డించేవాని జేబు కొట్టడమూ ప్రతిభే.

ఇందులో నన్ను మిక్కిలి కలచివేసిన అంశమొకటి ఉంది. మోటారుకు విద్యుత్తును అందించే స్పీడ్ కంట్రోలర్లు కాలక్రమంలో మోటారు టైమింగును తామే పెంచగల సామర్థ్యాన్ని సంపాదించాయి. దానితో వేగం విపరీతంగా పెరిగి స్టాక్ తరగతి పేరుకే మిగిలింది. అప్పుడు టైమింగును ఏమాత్రం పెంచని పద్ధతిలోనే కారు నడవాలని నిర్ణయించి, ఆ పద్ధతిలో ఉన్నదనడానికి గుర్తుగా కంట్రోలర్‌పై ఒక చిన్న దీపం మిణుకుమిణుకుమంటూ ఉండాలన్నారు. క్రీడాకారులు ఆ తరగతిని బ్లింకీ అనే పిలుస్తారు. దీపం మిణుకుమంటే కారు నిర్దోషి. అంతమాత్రాన సరిపోలేదు. దీపం మిణుకుమంటూనే లోపల టైమింగును పెంచే సాఫ్ట్‌వేర్ ఉంటే ఎలాగన్న శంక పుట్టింది. అంగీకృతమైన కంట్రోలర్ల, సాఫ్ట్‌వేర్ల జాబితాలు అవసరమయినాయి.

సాధకులారా, ఒక్క క్షణం ఆలోచించండి. మన సంప్రదాయంలో దీపం సాక్షి. దీపం ఎదుట అబద్ధమాడడానికి పామరుడు సైతం జంకుతాడు. ఇక్కడ దీపం ఎదుట అబద్ధమాడడం కాదు, దీపం చేతనే అబద్ధమాడించే యోచన. తాను చెప్పే అసత్యం అనృతం. సాక్షి చేత చెప్పించే అసత్యం కూటసాక్ష్యం. ధర్మశాస్త్రాలు రెండవదానిని ఎంత తీవ్రంగా గర్హించాయో పెద్దలెరుగుదురు. సాక్షి చెడితే ఒక్క వివాదం చెడడంతో ఆగదు. ఇకపై ఏ దీపాన్నీ ఎవరూ నమ్మరు.

పరీక్షను దాటినంత మాత్రాన దోషం పోదనడానికి బ్యాటరీ మరొక నిదర్శనం. రెండు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ పూర్తిగా నిండినప్పుడు 8.4 వోల్టులు. దానిని దాటించి నింపితే మొదటి నిమిషాలలో కొంత వేగం లభిస్తుంది. దానితోపాటు లోపల వాయువు పుట్టి బ్యాటరీ ఉబ్బుతుంది, నిప్పంటుకోవచ్చు కూడా. పదిమంది పిల్లలు కూర్చున్న బల్లపై ఈ పని చేసేవాడు "బొమ్మ కారే కదా" అనగలడా? నిప్పుకు అది బొమ్మ అని తెలియదు.

నియమావళి చేరలేని చోటు

ఈ నాలుగు వాదాలకూ ఆధారమైన విశ్వాసం ఒక్కటే: ధర్మం పుస్తకంలో ఉంది, పుస్తకం చూడనిచోట లేదు. ఈ విశ్వాసాన్ని ఈ క్రీడే స్వయంగా ఖండిస్తున్నది.

పూర్వం ఈ కార్లు 27 మెగాహెర్ట్జ్, 75 మెగాహెర్ట్జ్ వంటి పౌనఃపున్యాలలో, క్రిస్టల్ అనే చిన్న భాగం నిర్ణయించిన ఒక్కొక్క చానల్‌పై నడిచేవి. ఒకే చానల్‌పై రెండవ ట్రాన్స్‌మిటర్ వెలిగితే ట్రాక్‌పై ఉన్న కారు వశం తప్పి గోడకు గుద్దుకునేది. అందుకే చానల్‌కు ఒక క్లిప్పు చొప్పున బోర్డుకు తగిలించి, క్లిప్పు చేతిలో ఉన్నవాడే ట్రాన్స్‌మిటర్ వెలిగించాలన్న కట్టుబాటు ఉండేది. పెద్ద పోటీలలో ట్రాన్స్‌మిటర్లనే స్వాధీనం చేసుకునేవారు. ఈ శతాబ్దపు మొదటి దశకంలో 2.4 గిగాహెర్ట్జ్ పద్ధతి వచ్చి ఆ భయం తొలగింది. అంతకు పూర్వపు దశాబ్దాల మాటేమిటి? జేబులో ఒక క్రిస్టల్, వేలి కింద ఒక స్విచ్చి ఉంటే చాలు, ప్రత్యర్థిని నాశనం చేయవచ్చు. అయినా పందేలు జరిగాయి. క్లిప్పుల బోర్డు ఒక్కటే వాటిని కాపాడలేదు. స్విచ్చి నొక్కకుండా ఉన్న వేళ్ళు కాపాడాయి.

అంతకన్న గొప్పది మార్షల్ విధి. ఒక పందెంలో నడిపినవారు తమ పందెం ముగియగానే వేదిక దిగి ట్రాక్ మలుపులలో నిలబడాలి. తరువాతి పందెంలో ఎవరి కారు బోల్తాపడినా పరుగెత్తి దానిని నిలబెట్టాలి. అది నా ప్రత్యర్థి కారు కావచ్చు. అది పడి ఉంటేనే నా స్థానం నిలవవచ్చు. మార్షల్ పనికి రానివారికి అనేక క్లబ్బులలో శిక్ష ఉంది. వచ్చి నిలబడి, ప్రత్యర్థి కారు వైపు రెండు సెకన్లు ఆలస్యంగా కదిలినవానికి ఏ శిక్ష ఉంది? "ఇంత వేగంతో పరుగెత్తవలెను" అని ఏ నియమావళి వ్రాయగలదు? ఎవరు కొలవగలరు? అతడు మెల్లగా కదిలాడని అతనికి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు.

పరస్పరం ఒకరినొకరు నిలబెట్టుకోవడమే యజ్ఞధర్మమని విన్నాం. అది ఈ బొమ్మకార్ల ట్రాక్‌పై కూడా ప్రత్యక్షమవుతున్నది. ఈరోజు నేను నీ కారును లేపుతాను; మరొక గంటలో నీవు నా కారును లేపుతావు. ఈ ఒడంబడిక లేకపోతే ఐదు నిమిషాలలో ట్రాక్ అంతా తలక్రిందులైన కార్లతో నిండిపోతుంది. కావున పుస్తకంలో వ్రాసిన నియమాలు వ్రాయని ధర్మం మీదనే నిలిచి ఉన్నాయి. పుస్తకంలో లేనిదంతా అనుమతమే అన్నవాడు తాను నిలబడిన కొమ్మనే నరుకుతున్నాడు.

కర్తవ్యం

ఇక తండ్రులకు ఒక మాట. కుమారుని కారులో అతనికి తెలియకుండా మోటారు మార్చేవారు, తెలిసి మార్చి "ఎవరికీ చెప్పకు" అనేవారు తమ సంతానానికి విజయాన్ని ఇస్తున్నామనుకుంటున్నారు. ఆ పిల్లవానికి మీరు ఇస్తున్నది రెండు పాఠాలు: నీ నేర్పు చాలదు, నియమం ఇతరుల కోసం. మొదటిది వాని ఆత్మవిశ్వాసాన్ని, రెండవది వాని శీలాన్ని హరిస్తుంది. ఓడిన పిల్లవాడు వచ్చేవారం మళ్ళీ అభ్యసిస్తాడు. వంచనతో గెలిచిన పిల్లవానికి అభ్యసించవలసిన అవసరమే కనిపించదు.

నిర్వాహకులకూ ఒక మాట. పరిచితుడని, ప్రతివారం వచ్చేవాడని, రుసుము కడుతున్నాడని ఒకరిని విడిచిపెట్టి, క్రొత్తవానిని మాత్రం పట్టుకునే పరీక్షకన్న పరీక్ష లేకపోవడమే మేలు. చీటీ తీసి ఎవరి పేరు వస్తే వారి మోటారును అందరి ఎదుట విప్పండి. దోషం తేలితే ఫలితాన్ని రద్దు చేయండి, అవమానించకండి. దోషి తానే వచ్చి చెప్పుకొని స్థానాన్ని వదులుకుంటే, అది ప్రాయశ్చిత్తంగా గ్రహించి మరుసటి వారమే ఆదరంగా చేర్చుకోండి. నవ్వుతూ చూసీ చూడనట్లు పోవడం మాత్రం దయ అనిపించుకోదు. అది నిజాయితీపరునిపై చేసే హింస.

ఆ గృహస్థు వేసిన ప్రశ్నకు నా సమాధానం ఇది. కారు బొమ్మదే. నడిపేవాడు బొమ్మ కాడు. వాని చేతిలో ఏ క్షణాన ఏ సంకల్పం పుట్టిందో ఆ సంకల్పం నిజమైనది. దాని సంస్కారం నిజమైనది. చిన్న పందెంలో సత్యాన్ని నిలుపుకోలేనివాడు పెద్ద పందెంలో నిలుపుకుంటాడని ఆశించడానికి ఏ హేతువూ లేదు. కావున ఈ వారాంతంలో వేదిక ఎక్కే ప్రతి ఒక్కరూ ముందుగా తమ కారును తామే పరీక్షించుకొందురుగాక. పందెం ముగిశాక మలుపులో నిలిచి, ప్రత్యర్థి కారు పడినప్పుడు తమ కారు పడినంత వేగంగా పరుగెత్తుదురుగాక.

స్వస్తి.